చిన్న కూటముల జట్లు, పెద్ద కూటముల మైదానములు



అమెరికా సంయుక్త రాష్ట్రములలో వేసవి తీరి చెట్ల ఆకులు ఎరుపెక్కు కాలము వచ్చినది మొదలు, ప్రతి శనివారమునాడును అచ్చటి విశ్వవిద్యాలయముల క్రీడాప్రాంగణములు వేలకొలది జనముతో, కొన్నిచోట్ల లక్షకు మించిన జనముతో, నిండిపోవుచుండును. వారందరును చూడవచ్చునది ఆ దేశపు ఫుట్‌బాల్. మన పిల్లలు కాలితో తన్ని ఆడు బంతియాటకును దీనికిని పోలిక లేదు. కోలగా నుండు బంతిని చేతబట్టి పరుగిడుచు, ఒకరికొకరు విసరుకొనుచు, ఎదిరిపక్షమువారు 11 మంది అడ్డుపడి నేలగూల్చుచుండగా, నాలుగు యత్నములలో పది గజములైనను ముందునకు సాగి, తుదకు ప్రత్యర్థి అవధిని దాటి టచ్‌డౌన్ సాధించి ఆరు పాయింట్లు గడించుట ఈ క్రీడయందలి లక్ష్యము. ఆపైన బంతిని కాలితో తన్ని ఒక పాయింటునో, సాహసించి మరల ఒక యత్నమాడి రెండు పాయింట్లనో పొందవచ్చును. టెక్సాస్, ఒహాయో, మిషిగన్ మొదలగు రాష్ట్రములకు ఉన్నతవిద్యకై బిడ్డలను పంపిన మన తెలుగు కుటుంబములకు ఆ విశ్వవిద్యాలయముల పేర్లు సుపరిచితములే గాని, క్రీడారంగమున వాని నడుమ నేర్పడిన హెచ్చుతగ్గులు అంతగా తెలిసినవి కావు. ఆ హెచ్చుతగ్గులను గూర్చియే నేను నేడు ప్రసంగింపదలచితిని.

ఆ దేశమున విశ్వవిద్యాలయములు కొన్ని కొన్ని చేరి కూటములుగా నేర్పడి, ఏడాదిలో అధికభాగము తమలో తామే ఆడుకొనుచుండును, వానిని కాన్ఫరెన్సులందురు. ఆగ్నేయ రాష్ట్రముల ఎస్.ఇ.సి., బిగ్ టెన్, బిగ్ ట్వెల్వ్, ఎ.సి.సి. అనునవి పెద్ద కూటములు. అమెరికన్, మౌంటెన్ వెస్ట్, సన్ బెల్ట్, మిడ్ అమెరికన్, కాన్ఫరెన్స్ యు.ఎస్.ఎ. అనునవి చిన్నవి. ఈ చిన్న కూటముల జట్లు పెద్ద కూటముల జట్లకు సరిజోడు కాగలవా యను ప్రశ్న నలువది యేండ్లుగా అచ్చట నలుగుచున్నది. నా అభిప్రాయము ముందుగనే విన్నవించెదను: కాగలవు, అనేక పర్యాయములు అయినవి కూడ, కాని ఆ సమానత్వమును నిలువనీయని కారణములలో సగము మైదానమునకు వెలుపల నున్నవి.

1984వ సంవత్సరమునకు ముందు ఏ ఆటను దూరదర్శనమున చూపవలెనో, ఏ జట్టు ఎన్నిమారులు కనబడవలెనో నిర్ణయించు అధికారము జాతీయ కళాశాలాక్రీడాసంఘమగు ఎన్.సి.ఎ.ఎ. చేతిలో నుండెను. ఓక్లహోమా విశ్వవిద్యాలయపు పాలకమండలియు, జార్జియా విశ్వవిద్యాలయపు క్రీడాసంఘమును దానిపై వ్యాజ్యము తెచ్చి సుప్రీంకోర్టువరకు పోగా, ఆ యేట న్యాయమూర్తులలో ఏడుగురొకవైపును ఇద్దరొకవైపును నిలిచి, ఆ అధికారము చెల్లదని తీర్పు చెప్పిరి. అది మొదలు ప్రసారహక్కులను ఎవరికి వారే అమ్ముకొనవచ్చునని తేలినది; పేరున్న జట్లు కలిగిన కూటముల చెంతకు ధనము ప్రవాహమై పోయినది. ఆ 1984వ సంవత్సరముననే, యూటా రాష్ట్రపు బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయము, వెస్టర్న్ అథ్లెటిక్ అను చిన్న కూటమినుండి వచ్చి, ఆడిన 13 ఆటలును గెలిచి, ఋతువు తుదిని జరుగు బౌల్ ఆటలలో ఒకటియగు హాలిడే బౌల్‌లో మిషిగన్‌ను 24-17తో ఓడించి, జాతీయ విజేతగా కీర్తింపబడెను. నాటినుండి నేటివరకు అట్టి కూటమినుండి మరియొక జట్టు సర్వజనసమ్మతముగ ఆ పీఠమెక్కలేదు. వ్యత్యాసమెంతటిదో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. 2020లో మౌంటెన్ వెస్ట్ కూటమి ఆరేండ్లకు కుదుర్చుకొన్న ప్రసారపు ఒడంబడిక విలువ 27 కోట్ల డాలర్లు; 2022లో బిగ్ టెన్ కూటమి ఏడేండ్లకు కుదుర్చుకొన్నది 700 కోట్ల డాలర్లకు పైబడినది.

ధనము సంగతి అటులుండనిచ్చి, మైదానమునకు వత్తము. 2007 జనవరి 1వ తేదీన అరిజోనా రాష్ట్రమందలి గ్లెండేల్ పురమున జరిగిన ఫియెస్టా బౌల్ ఆటను తలచుకొనినప్పుడెల్ల నా మనస్సు ఉత్సాహభరితమగును. ఒకవైపున, దశాబ్దములుగా జాతీయ విజేతల పట్టికలో నిలిచిన ఓక్లహోమా, బిగ్ ట్వెల్వ్ కూటమి విజేత. మరియొకవైపున ఐడహో రాష్ట్రపు బోయిసీ స్టేట్. 1932లో ఎపిస్కొపల్ క్రైస్తవ సంఘము నెలకొల్పిన రెండేండ్ల జూనియర్ కళాశాలగా పుట్టి, 1996లో గాని అగ్రశ్రేణి పోటీలలో అడుగిడని జట్టు. ఆ యేడే ప్రధాన శిక్షకుడైన క్రిస్ పీటర్సన్ దానికి నాయకుడు. మూడవ భాగమున 28-10తో ముందంజ వేసిన బోయిసీ, ఓక్లహోమా పుంజుకొని వచ్చి 28-28గా సమము చేయగా, వెంటనే బంతిని విసరువాడగు తన క్వార్టర్‌బ్యాక్ జారెడ్ జబ్రాన్స్కీ విసరిన బంతిని ప్రత్యర్థి అడ్డగించి పట్టుకొని అవధివరకు పరుగెత్తుటచేత 35-28తో వెనుకబడెను. అప్పటికి ఆటలో మిగిలినది ఒక్క నిమిషము, మరి రెండు సెకండ్లు.

చూచువారు ఇక చాలునని లేవదగిన ఘట్టమది. సెకండ్లు 18 మిగిలియుండగా, నాలుగవది, కడపటిది అయిన యత్నమున, 18 గజములు కావలసియుండగా, జబ్రాన్స్కీ విసరిన బంతిని డ్రిసన్ జేమ్స్ నడిమైదానమునకు ఆవల పట్టి, ప్రత్యర్థులు తనను చుట్టుముట్టుచుండగనే, ఎదురుగా పరుగెత్తి వచ్చుచున్న జెరార్డ్ రాబ్ చేతికి ప్రక్కగా అందించెను. రాబ్ 35 గజములు పరుగెత్తి అవధి చేరెను. ఆట సమమైనది. అదనపు సమయమున ఓక్లహోమా వీరుడు ఏడ్రియన్ పీటర్సన్ మొదటి యత్నముననే 25 గజములు చీల్చుకొనిపోయి టచ్‌డౌన్ చేసెను. బోయిసీ మరల నాలుగవ యత్నమువరకు నెట్టబడి, క్వార్టర్‌బ్యాక్ కానట్టి విన్నీ పెరెట్టాచేత బంతిని విసరించి టచ్‌డౌన్ సాధించెను. ఒక్క పాయింటు తన్నినచో ఆట సమమై మరల సాగియుండును. శిక్షకుడు అందుకొడంబడక రెండు పాయింట్లకు సాహసించెను. జబ్రాన్స్కీ కుడిచేత బంతిని విసరినట్లు నటించి, ఎడమచేత వీపు వెనుక దాచిన బంతిని ఇయాన్ జాన్సన్‌కు అందించగా, అతడు ఎవరును కాపు లేని ఎడమప్రక్కకు పరుగిడి అవధి దాటెను. 43-42! ఆ యేట అగ్రశ్రేణిలో ఒక్క ఓటమియు లేని జట్టు బోయిసీ ఒక్కటియే. అయినను పత్రికా ప్రతినిధుల తుది పట్టికలో దానికి దొరికినది అయిదవ స్థానము.

దీనిని ఒకనాటి అదృష్టమని త్రోసివేయువారు కలరు. వారికి నేను మరి కొన్ని దినములను చూపగలను. 2009 జనవరి 2న షుగర్ బౌల్‌లో యూటా జట్టు, ఆ యేట చాలవారములు ప్రథమస్థానమున నుండిన అలబామాపై మొదటి భాగముననే 21 పాయింట్లు సాధించి, 31-17తో గెలిచెను. అలబామా ముందువరుసలోని ఒక ముఖ్యుడు ఆనాడు ఆడలేదనియు, ఎస్.ఇ.సి. పీఠము చేజారిన జట్టుకు ఆ ఆటపై మనస్సు లేదనియు సమాధానములు వచ్చినవి. 2010 నవంబరులో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు గార్డన్ గీ, టి.సి.యు. అను టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయము, బోయిసీ స్టేట్ వంటి జట్లు బలహీనులతో మాత్రమే ఆడుచున్నవనియు, పేదలకు సేవచేయు సన్న్యాసినులతో తలపడుచున్నట్లున్నదనియు అర్థము వచ్చునట్లు పలికెను. రెండు మాసములు తిరుగకుండనే, 2011 జనవరి 1న, రోజ్ బౌల్‌లో టి.సి.యు., గీ గారి విశ్వవిద్యాలయమున్న బిగ్ టెన్ కూటమికే చెందిన విస్కాన్సిన్‌ను 21-19తో జయించెను. విస్కాన్సిన్ ముందువరుస దేహదార్ఢ్యమునకు ఆ దేశమంతట పేరుపడినది. ఆట తుదిలో సమము చేయుటకు వారు చేసిన రెండు పాయింట్ల యత్నమును ట్యాంక్ కార్డర్ అను యువకుడు చేయి చాచి బంతిని కొట్టి విఫలము చేసెను.

సెంట్రల్ ఫ్లోరిడా వృత్తాంతము ఇంకను విచిత్రము. 2015లో ఆడిన 12 ఆటలును ఓడిన ఆ జట్టు, స్కాట్ ఫ్రాస్ట్ శిక్షణలో రెండేండ్లు గడచునప్పటికి ఒక్క ఆటయు ఓడని జట్టైనది. జాతీయ పీఠపు పోటీకి నాలుగు జట్లను ఏరు ఎంపికసంఘము దానికి తన తుది పట్టికలో 12వ స్థానమిచ్చినది. 2018 జనవరి 1న పీచ్ బౌల్‌లో అది ఆబర్న్‌ను 34-27తో ఓడించెను. ఆ ఆబర్న్, అంతకుముందు నవంబరు మాసమున అలబామాను, జార్జియాను ఓడించియున్నది; ఆ అలబామాయు జార్జియాయునే జాతీయ పీఠమునకై తలపడినవి. ఇట్టి గణితమును ముందిడికొని, ఓటమి లేని జట్టును ద్వారమువద్దనే నిలిపిన నిర్ణయమును నేను ఏనాడును సమర్థింపజాలను.

అయినను పక్షపాతము లేక మాటాడవలెనన్న, ఎదిరి వాదములోని బలమును గూడ అంగీకరింపవలెను. పండుగనాటి బండలాగుడు పందెములో గెలిచిన ఎడ్లజతయే ఏరువాకనుండి కోతలవరకు పొలమంతయు దున్నగలదని చెప్పలేము. ఫుట్‌బాల్ ఋతువు మూడు మాసములకు పైబడినది, దెబ్బలు సహజము, ప్రథమ శ్రేణి ఆటగాడు పడిపోయినప్పుడు అతని స్థానమున నిలుచువాడెవడను ప్రశ్నయే జట్ల తారతమ్యమును నిర్ణయించును. 1994 మొదలు 2025 వరకు ముప్పది యేండ్లకు పైగా ఏ అగ్రశ్రేణి జట్టును 85 మందికి మించి విద్యార్థివేతనము లీయరాదను నియమముండుటచేత కొంత సమత ఏర్పడినమాట నిజమే. పూర్వము వలె నూరుమందికి పైగా మేటి యువకులను చేర్చుకొని, ఆడింపకయే కూర్చుండబెట్టు వీలు అప్పుడు తప్పినది. కాని పెద్ద జట్టు అరువదవవానికిని, చిన్న జట్టు అరువదవవానికిని ఉండు అంతరము, మొదటివారిద్దరి నడుమ నుండు అంతరముకంటె చాల ఎక్కువ.

నా పరిశీలనలో ఈ అంతరము అన్ని స్థానములయందును ఒకేరీతిగ లేదు. వేగముగ పరుగెత్తువారు, బంతిని నేర్పుగ విసరువారు దేశమంతటను పుట్టుదురు. పెద్ద జట్లవారు పొట్టివాడనియో, బలహీనుడనియో వదలివేసినవానిని చిన్న జట్టు చేరదీసి తీర్చిదిద్దగలదు. బోయిసీ క్వార్టర్‌బ్యాక్ కెలెన్ మూర్‌ను ఎత్తు చాలదని పెద్ద జట్లు ఆదరింపలేదు. అతడు నాలుగేండ్లలో 50 ఆటలు గెలిచి మూడు మాత్రమే ఓడెను. కాని ముందువరుసలలో నిలిచి ఒకరినొకరు త్రోసికొను భారీకాయులు, మూడువందల పౌన్ల బరువుండియు చురుకుగ కదలగల యువకులు, ఎచ్చటనైనను అరుదు. వారిని పెద్ద కూటములు ముందుగనే ఏరుకొనును. 2021లో సిన్సినాటి, సౌత్ బెండ్‌కు పోయి నోటర్ డేమ్‌ను 24-13తో ఓడించి, ఓటమి లేక నాలుగు జట్ల పోటీకి చేరినను, డిసెంబరు 31న అలబామా పరుగువీరుడు బ్రయన్ రాబిన్సన్ 204 గజములు సాధింపగా 27-6తో ఓడిపోయెను. ఆ సిన్సినాటినుండి మరుసటి వసంతమున తొమ్మిదిమంది వృత్తి జట్లలోనికి ఎన్నుకొనబడిరి! ప్రతిభ లేక కాదు. ఆ ప్రతిభ వెనుక రెండవ వరుస, మూడవ వరుస లేక. ఫియెస్టా బౌల్‌లో క్రిస్ పీటర్సన్ సమము చేయుట మాని రెండు పాయింట్లకు తెగించుటలో గూడ నాకీ జ్ఞానమే గోచరించుచున్నది: ఆట పొడిగినకొలది లాభము బరువైన జట్టుదే.

కావున, ఒక దినమున సమానులగుదురు, ఋతువంతయు సమానులగుట కష్టమని చెప్పి ఊరకుండవచ్చునా? ఊరకుండరాదు. ఆ రెండవ వరుస ఏల లేదో విచారింపవలెను.

మొదటి కారణము అవకాశము. చిన్న జట్టు పెద్ద జట్టుతో ఆడు ఆటలు చాలవరకు పెద్దవారి మైదానముననే జరుగును; వచ్చి ఆడిపోవుటకు రొక్కమిత్తురు, తిరిగి చిన్న జట్టు ఊరికి పోయి ఆడుట యుండదు. 2007 సెప్టెంబరు 1న మిషిగన్, నార్త్ కరొలైనా కొండలలోని అపలాచియన్ స్టేట్‌ను నాలుగు లక్షల డాలర్లకు పిలిపించెను. చిన్న కూటములకును క్రింది శ్రేణిలో, 63 విద్యార్థివేతనములతో ఆడు జట్టది. లక్షకు మించిన ప్రేక్షకుల యెదుట, దేశమున అయిదవస్థానమందున్న మిషిగన్‌ను అది 34-32తో ఓడించెను. కడపటి క్షణమున మిషిగన్ తన్నిన బంతిని కోరీ లించ్ ఎగిరి అడ్డుకొనెను. ఇట్టి ఓటమి కలుగునేమోయను భయము చేతనే కాబోలు, బలముగల చిన్న జట్లతో ఆడుటకు పెద్దవారు వెనుదీయుచుండిరి. 2010 జనవరిలో, ఓటమి యెరుగని చిన్న కూటముల జట్లు రెండు, బోయిసీయు టి.సి.యు.యు, ఉండగా, వానికి పెద్దవారితో తలపడు భాగ్యము కలిగింపక, ఫియెస్టా బౌల్‌లో ఒకదానికొకటి ఎదురు నిలిపిరి. నాలుగు జట్ల పోటీ జరిగిన పదేండ్లలో, 2014 మొదలు 2023 వరకు, 40 స్థానములుండగా చిన్న కూటములకు దక్కినది సిన్సినాటికి చిక్కిన ఆ ఒక్కటి.

రెండవ కారణము ఇంతకంటె బాధాకరము. చిన్న కూటమిలో ఒక జట్టు తలయెత్తినంతనే, పెద్ద కూటములు దాని శిక్షకుని తీసికొనిపోవును. పిదప జట్టునే తీసికొనిపోవును. నేడు ఆటగాండ్రనుగూడ తీసికొనిపోవుచున్నవి. 2004లో యూటాను ఓటమి లేక నడిపిన అర్బన్ మేయర్ ఫ్లోరిడాకును, పీటర్సన్ వాషింగ్టన్‌కును, సిన్సినాటి శిక్షకుడు లూక్ ఫికెల్ విస్కాన్సిన్‌కును పోయిరి. యూటా 2011లో నాడు పెద్దదిగా నుండిన పసిఫిక్ కూటమిలోను, టి.సి.యు. 2012లోను, సిన్సినాటి, సెంట్రల్ ఫ్లోరిడాలు 2023లోను బిగ్ ట్వెల్వ్‌లోను కలిసినవి. స్కాట్ ఫ్రాస్ట్ సెంట్రల్ ఫ్లోరిడాను విడిచి నెబ్రాస్కాకు పోయెను. 2022 సెప్టెంబరు 10న, సన్ బెల్ట్ కూటమినుండి మార్షల్ నోటర్ డేమ్‌ను, అపలాచియన్ స్టేట్ టెక్సాస్ ఎ అండ్ ఎం.ను ఓడించిన దినముననే, ఆ కూటమికే చెందిన జార్జియా సదరన్ నెబ్రాస్కాను దాని మైదానముననే 45-42తో ఓడించెను. మరునాడు ఫ్రాస్ట్ ఉద్యోగము పోయెను. పెద్ద మైదానము, పెద్ద ధనము, పెద్ద పేరు చేతికి వచ్చినంతమాత్రమున జట్టు పెద్దది కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

2021లో ఆటగాండ్రు ఒక విశ్వవిద్యాలయమునుండి మరియొకదానికి మారి వెంటనే ఆడవచ్చుననియు, తమ పేరుతో ధనము సంపాదింపవచ్చుననియు నియమములు వచ్చినవి. ఆ స్వాతంత్ర్యమును నేను తప్పుపట్టను. దేహమును పణముపెట్టి ఆడు యువకునకు అది న్యాయముగ రావలసినదే. కాని దాని భారము చిన్న జట్లపై పడినది. రెండు మూడు వత్సరములు శ్రమించి తీర్చిదిద్దిన యువకుడు, వికసించిన మరుక్షణమున పెద్దజట్టుకు పోవుచున్నాడు. బోయిసీ పరుగువీరుడు ఆష్టన్ జెంటీ అట్లు పోలేదు. అధికధనము ఎదురువచ్చినను బోయిసీలోనే నిలిచి, 2024లో 2,601 గజములు పరుగెత్తెను. 1988లో బ్యారీ శాండర్స్ నెలకొల్పిన రికార్డునకు అది 27 గజములు మాత్రమే తక్కువ. ఆ యేటి సెప్టెంబరులో బోయిసీ, ఆరెగన్ జట్టు సొంత ఊరికి పోయి, చివరి క్షణమున తన్నిన గోలుతో 37-34గా ఓడెను. ఆ ఆరెగన్ ఆ ఋతువున కూటమి ఆటలన్నియు గెలిచి దేశమున ప్రథమస్థానమందినది. బోయిసీ 12 జట్ల నూతన పోటీలో మూడవ స్థానముతో ప్రవేశించి, డిసెంబరు 31న పెన్ స్టేట్ చేతిలో 31-14తో ఓడిపోయెను. జెంటీ ముప్పదిమారులు బంతిని మోసి 104 గజములు సాధించెను. ముందువరుసయే అతనికి దారి చూపలేకపోయెను.

పెద్ద చిన్న యను ఈ విభాగము ఎంత కృత్రిమమో 2023లో లోకమునకు వెల్లడియైనది. పసిఫిక్ తీరపు కూటమినుండి పది జట్లు అధికధనముకై తలకొక దిక్కునకు పోగా, ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అను రెండు జట్లు మాత్రము మిగిలిపోయినవి. అవే విశ్వవిద్యాలయములు, అవే మైదానములు, చాలవరకు అవే అభిమానులు. ఒక ఋతువున పెద్ద జట్లుగా గౌరవింపబడి, మరుసటి ఋతువున ఆ వరుసనుండి తొలగింపబడినవి. ఆ నడుమ ఆ యువకుల బాహుబలమున తగ్గినదేమియు లేదు.

పెద్ద కూటములలోని ప్రతి జట్టును రెండేండ్లకొకమారైనను ఒక చిన్న కూటమి జట్టు ఊరికి పోయి, ఆ జట్టు జనము నడుమ ఆడవలెనని నిబంధన యుండవలెనని నేను కోరుచున్నాను. ఇందువలన తమ ప్రాంగణపు టిక్కెట్ల రాబడి తగ్గునని పెద్దవారు ఆక్షేపింతురు. ఏడాదికి ఏడు ఆటలు సొంత మైదానమున ఆడు జట్టు, ఒక యేడు ఆరు ఆడినంతమాత్రమున, కోట్ల డాలర్ల ప్రసారధనము చేతనుండగా, దాని ఖర్చులు కుంటుపడవు. ఆ ఒక్క ఆటవలన చిన్న పట్టణమున నిండు ప్రాంగణమును చూపి, ఒక శిక్షకుడు తన చెంతనున్న మూడువందల పౌన్ల కుర్రవానిని మరియొక ఏడాది నిలుపుకొనగలడు.